సంపులో మడ్డి తియ్యండి... ప్రాణం తియ్యకండి

రంగు చేపలు పెంచేవారికి ఎప్పుడూ రోగాల భయమే. తెల్లమచ్చ వస్తుందేమో, తోక కుళ్లు తగులుతుందేమో అని పొద్దున లేస్తూనే తొట్లలోకి తొంగి చూస్తారు. అయితే ఏ రోగమూ లేకుండా, కేవలం శుభ్రం చేసినందుకే చేపలు గుట్టలుగా చచ్చిపోయిన సందర్భాలున్నాయి. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇది నిజం. ఇందులో ఈ వ్యాసం రాస్తున్న నా పొరపాటు కూడా ఉంది. అందుకే ఈ వారం సంపులో మడ్డి తీసే పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా పాఠంలా చెప్పుకుందాం.

ఉగాది ముందు జరిగిన సంగతి

గోదావరి డెల్టాలోని ఓ పల్లెలో ఒక సోదరి ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని రంగు చేపలు పెంచుతున్నారు. పొదుపు సంఘంలో తీసుకున్న అప్పే పెట్టుబడి. 300 లీటర్ల గాజు తొట్లు ఎనిమిది, వాటన్నిటికీ కలిపి కింద 600 లీటర్ల సంపు ఒకటి. మొత్తం నీరు 3000 లీటర్లు. గప్పీలు, మోలీలు, గోల్డ్ ఫిష్ కలిపి 1500 దాకా ఉండేవి. ఇవి కాక విడిగా మూలన ఓ చిన్న తొట్టి. దానికి సంపుతో సంబంధం లేదు. గాలి మోటారుతో నడిచే స్పాంజి ఫిల్టరు ఒక్కటే దానికి ఆధారం.

ఆమె షెడ్డు చూసి వచ్చి ఇదే పేజీలో నేనొక వ్యాసం రాశాను. చివర్లో "సంపును ఎప్పటికప్పుడు శుభ్రంగా కడుక్కోవాలి" అని ఒక వాక్యం చేర్చాను. ఎలా కడగాలో రాయలేదు.

పండక్కి ఇల్లు కడుక్కుంటూ ఆమె సంపు పని కూడా పట్టుకున్నారు. నీరంతా తోడేశారు. స్పాంజిలు, ప్లాస్టిక్ బంతులు, పింగాణీ రింగులు బయటికి తీసి పంచాయతీ కుళాయి నీటితో రుద్ది రుద్ది కడిగి ఎండలో ఆరబెట్టారు. సంపు గోడల జిగటను పీచుతో తోమేశారు. సాయంత్రం అన్నీ మళ్లీ పేర్చి, ముందే పట్టి ఉంచిన నీరు పోసి మోటారు వేశారు. నీరు అద్దంలా ఉంది. మొదటి రోజు, రెండో రోజు చేపలు బాగానే మేత తిన్నాయి. మూడో రోజు సాయంత్రం నీటి పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలెట్టాయి. నాలుగో రోజు తెల్లవారేసరికి ఆరు వందల చేపలు వెల్లకిలా తేలాయి. మూలనున్న చిన్న తొట్టిలో మాత్రం ఒక్క చేపా చావలేదు.

నేను వెళ్లేసరికి బుట్టలో ఎత్తిన చేపలు చూపించి ఆమె అన్న మాట ఇదీ: "మీరు పేపర్లో రాసినట్టే కడిగానండీ అన్నయ్యగారూ. మసి గుడ్డ పెట్టి తుడిచినా మరక అంటదు, చూడండి."

నిజంగానే మరక అంటలేదు. తప్పంతా అక్కడే ఉంది.

సంపు అంటే ఏమిటి?

మనం ఇంట్లో మంచినీళ్లు నిల్వ చేసుకునే సంపు వేరు, ఇది వేరు. చేపల తొట్లలో పైకి పొంగిన నీరు పైపుల ద్వారా కిందనున్న సంపులోకి దిగుతుంది. అక్కడ శుభ్రపడి, మోటారుతో మళ్లీ తొట్లలోకి ఎక్కుతుంది. ఎన్ని తొట్లున్నా ఒకే సంపు సరిపోవడం దీనిలోని లాభం. సంపు చెడితే అన్ని తొట్లూ ఒకేసారి చెడటం నష్టం.

సాధారణంగా సంపులో మూడు అరలుంటాయి.

మొదటి అర మడ్డి దిగే చోటు. ఇక్కడ నీరు నెమ్మదిస్తుంది. బరువైన చెత్త అడుక్కి దిగుతుంది, తేలికది స్పాంజి లేదా దూది పట్టుకుంటుంది.

రెండో అరలో ప్లాస్టిక్ బంతులు, పింగాణీ రింగులు, కంకర వంటివి నింపుతారు. ఖర్చు తగ్గించుకునేవారు పీవీసీ పైపు ముక్కలు, గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు వేస్తారు. అవీ పనిచేస్తాయి.

మూడో అరలో మోటారు ఉంటుంది. ఇక్కడికి వచ్చేసరికి నీరు తేటగా ఉండాలి.

ఈ మూడు అరల పని ఒకటి కాదు. కాబట్టి మూడింటినీ ఒకేలా కడగకూడదు. ఈ పాఠానికంతటికీ మూలం ఈ మాటే.

మడ్డి ఎక్కడి నుంచి వస్తుంది?

మనం వేసే మేత నుంచే. చేప తిన్నదంతా ఒంటికి పట్టదు. 100 గ్రాముల పొడి మేత వేస్తే సుమారు 25 గ్రాముల పొడి పదార్థం రెట్టగా బయటికి వస్తుంది. అది నీటిలో నానితే పది రెట్లకు పైగా కనిపిస్తుంది. రోజుకు 100 గ్రాముల మేత వేసే షెడ్డులో మడ్డి అంతా సంపులోకే చేరితే వారానికి రెండు మూడు లీటర్లు పోగవుతుంది. తినకుండా మిగిలిన మేత, రాలిన ఆకులు, తొట్టి గోడల పాచి దీనికి అదనం.

ఇది కంటికి కనిపించే మురికి. కనిపించనిది ఇంకొకటుంది. మేతలోని మాంసకృత్తులు అరిగాక చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి. 35 శాతం మాంసకృత్తులున్న మేత 100 గ్రాములు వేస్తే సుమారు 3 గ్రాముల అమ్మోనియా తయారవుతుంది. 3000 లీటర్ల నీటిలో 3 గ్రాములంటే లీటరుకు 1 మిల్లీగ్రాము. ఇది ఒక్క రోజుది. దాన్ని తీసేసేవారు లేకపోతే రెండో రోజుకు 2, మూడో రోజుకు 3, నాలుగో రోజుకు 4 అవుతుంది.

మన సోదరి చేపలు మొదటి రోజు చావకుండా నాలుగో రోజున ఎందుకు చచ్చాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కూలి అడగని పనివాళ్లు

మరి ఉగాదికి ముందు అన్ని నెలలూ ఆ అమ్మోనియా ఎక్కడికి పోయింది? రెండో అరలోని రింగులు, బంతుల మీద గోధుమరంగు జిగట పొర ఒకటి ఉంటుంది. చేత్తో తాకితే జిడ్డుగా జారుతుంది. మనకది మురికిలా కనిపిస్తుంది కానీ అది మురికి కాదు. అందులో కోట్ల సూక్ష్మజీవులుంటాయి. వీటిలో నైట్రోసోమోనాస్ అనే రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రోస్పైరా, నైట్రోబాక్టర్ అనేవి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ చేపలకు విషమే. నైట్రేట్ మాత్రం కొద్ది మోతాదులో ఉంటే హాని చెయ్యదు. వారం వారం కొంత నీరు మారిస్తే అదీ తగ్గిపోతుంది.

ఈ సూక్ష్మజీవులకు మూడు కావాలి. తడి, గాలి, అతుక్కోవడానికి చోటు. ఎండలో ఆరబెడితే చస్తాయి. క్లోరిన్ నీరు తగిలితే చస్తాయి. గాలి ఆడకపోయినా చస్తాయి. ఇవి పెరగడానికి మాత్రం చాలా సమయం పడుతుంది. కొత్త సంపు పూర్తిగా పనిలోకి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. అంటే ఒక్క పూటలో కడిగి పారేసిన దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి నెల పైనే ఆగాలి.

మూలనున్న చిన్న తొట్టిలో చేపలు బతకడానికి కారణం కూడా ఇదే. పండగ హడావుడిలో ఆ స్పాంజి కడగడం ఆమె మరచిపోయారు.

మడ్డి తియ్యకపోతే?

అయితే కడగడం మానేద్దామా అంటారేమో, అదీ కుదరదు. మడ్డిని అలాగే వదిలేస్తే మూడు నష్టాలున్నాయి.

ఒకటి, మడ్డి కుళ్లుతూ మళ్లీ అమ్మోనియా వదులుతుంది. చేపలు వదిలేదానికి ఇది తోడవుతుంది.

రెండు, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును తినేస్తాయి. రెండో అరలోని మన పనివాళ్లకు గాలి చాలదు. ఒక గ్రాము అమ్మోనియాను మార్చడానికి వాటికి నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు అవసరం. పైగా మడ్డి వచ్చి రింగుల రంధ్రాలు మూసేస్తే లోపలి పొరకు నీరే అందదు.

మూడు, మడ్డి మందంగా పేరుకుంటే అడుగున గాలి ఆడక నల్లబడుతుంది. కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. చాలా కొద్దిగా ఉన్నా చేపలకు ప్రమాదం. రొయ్యల చెరువు అడుగున నల్లమట్టి ఎంత చేటో మన జిల్లా రైతులకు చెప్పక్కర్లేదు. సంపులోనూ అదే కథ.

కాబట్టి మడ్డి వేరు, జిగట పొర వేరు. మడ్డిని వదలకూడదు, పొరను వదులుకోకూడదు.

ఎప్పుడు తియ్యాలి?

కింది గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా మొదటి అర మడ్డితో నిండిందని తెలుసుకోవాలి.

• మొదటి అర అడుగున మడ్డి వేలి మందం దాటడం.
• స్పాంజి మీదుగా నీరు పొంగి పొర్లడం.
• మూడో అరలో నీటిమట్టం రోజూ ఉండే గీత కంటే తగ్గడం. స్పాంజి పూడుకుపోయి నీరు సరిగా దిగడం లేదని దీని అర్థం.
• తొట్లలోకి వచ్చే నీటి ధార సన్నబడటం.
• సంపు మూత తీస్తే బురద వాసన కాక కుళ్లు వాసన రావడం.

గుర్తులు కనిపించేదాకా ఆగకపోవడం ఇంకా మంచిది. మేత ఎక్కువ వేసే షెడ్లలో రెండు మూడు రోజులకోసారి కొద్దికొద్దిగా తీస్తే చేపలకు తెలియను కూడా తెలియదు. నెలకోసారి అంతా ఒకేసారి తీస్తేనే ముప్పు.

ఎలా తియ్యాలి?

1. ముందు రోజే నీరు సిద్ధం చేసుకోవాలి. సంపు నుంచి ఎంత తీస్తామో అంత నీరు డ్రమ్ములో పట్టి 24 గంటలు గాలి రాయి వేసి ఉంచాలి.

2. ఆ పూట మేత వెయ్యకూడదు. మేత వేసిన వెంటనే ఈ పని పెట్టుకుంటే చేపలకు ఆయాసం ఎక్కువవుతుంది.

3. సంపు మోటారు స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయాలి. స్విచ్ ఒక్కటే ఆపి నీళ్లలో చెయ్యి పెట్టకండి. తడి చేత్తో, తడి నేల మీద నిలబడి ప్లగ్ ముట్టుకోకూడదు. తొట్లలోని గాలి మోటారును మాత్రం ఆపకండి. చేపలకు ఆ కాసేపు అదే ఊపిరి.

4. మోటారు ఆగగానే తొట్లలోని కొంత నీరు సంపులోకి దిగుతుంది. ఆ నీటికి సంపులో ఎప్పుడూ చోటు ఉంచుకోవాలి. లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ సంపు పొర్లి షెడ్డంతా నీరవుతుంది. తిరిగి కరెంటు వచ్చాక మూడో అరలో నీరు చాలక మోటారు వట్టిగా తిరిగి కాలిపోతుంది.

5. పది నిమిషాలు ఆగాలి. నీరు నిలకడ అయి మడ్డి అడుక్కి దిగుతుంది. ఈ పది నిమిషాల ఓపిక లేకే చాలామంది మడ్డిని తీయబోయి కలిపేస్తారు. కలిసిన మడ్డి రెండో అరలోకి పోయి రింగుల్లో దూరుతుంది.

6. సన్నటి రబ్బరు గొట్టాన్ని నీటితో నింపి, రెండు చివరలూ బొటనవేళ్లతో మూసి, ఒక చివర మడ్డిలో, ఇంకో చివర కిందున్న బకెట్లో పెట్టి వదలాలి. నీరు తనంతట తానే దిగుతుంది. నోటితో పీల్చకండి. సంపు నేలమట్టానికి ఉండి బకెట్ కింద పెట్టే వీలు లేకపోతే చేతిపంపు గొట్టం వాడుకోవచ్చు. చేతికి గాయాలుంటే రబ్బరు తొడుగులు వేసుకోవాలి.

7. గొట్టాన్ని అడుగున నెమ్మదిగా, నేల తుడిచినట్టు జరుపుతూ పోవాలి. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసగా రావాలి. బకెట్లోకి తేట నీరు రాగానే ఆపెయ్యాలి. సంపు గోడలు తోమవద్దు.

8. స్పాంజిలు కడగడానికి తొట్టి నీటినే వాడాలి. బకెట్లో తొట్టి నీరు పట్టి, స్పాంజిని నాలుగైదుసార్లు పిండితే చాలు. నీరు మళ్లీ దాని గుండా దారాళంగా పారితే చాలు, రంగు పోనక్కర్లేదు. రెండు స్పాంజిలుంటే ఈ వారం ఒకటి, వచ్చే వారం ఒకటి. దూది అయితే మురికిది తీసి కొత్తది వెయ్యవచ్చు.

9. రెండో అర జోలికి పోకూడదు. మడ్డి బాగా చేరిందనిపిస్తే నెలకోసారి మూడో వంతు రింగులు మాత్రం తీసి, తొట్టి నీటిలో ఒకటి రెండుసార్లు ఆడించి వెంటనే పెట్టెయ్యాలి. రుద్దకూడదు, ఆరనివ్వకూడదు. రింగులు కదిపిన వారం స్పాంజి ముట్టుకోకూడదు.

10. సిద్ధం చేసిన నీరు నిదానంగా పోసి, మోటారు జాలీకి చుట్టుకున్న నాచు తీసి, ప్లగ్ పెట్టాలి. మొత్తం పని అరగంటలో అయిపోవాలి.

11. తర్వాత పావుగంట అక్కడే ఉండి చూడాలి. ధార సరిగా వస్తోందా, ఎక్కడైనా కారుతోందా, చేపలు మామూలుగా తిరుగుతున్నాయా అన్నది గమనించాకే షెడ్డు దాటాలి.

సబ్బు, సర్ఫు, బ్లీచింగ్ పౌడరు సంపు దరిదాపులకు రాకూడదు. సంపు పనికి వాడే బకెట్, మగ్గు, గొట్టం వేరే ఉంచుకోవాలి. బట్టలు ఉతికే బకెట్ వద్దు.

ఏ నీరు పొయ్యాలి?

కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో పట్టి 24 గంటలు గాలి రాయి వేస్తే చాలా వరకు పోతుంది. తొందరగా కావాలంటే సోడియం థయోసల్ఫేట్ వాడాలి. రొయ్యల మందులు అమ్మే దుకాణాల్లో ఇది దొరుకుతుంది. ఒక గ్రాము క్లోరిన్‌కు 7 గ్రాముల లెక్క. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న నీరైతే 1000 లీటర్లకు 7 గ్రాములు కలపాలి.

బోరు నీటిలో క్లోరిన్ ఉండదు కదా అని నేరుగా పోసేస్తుంటారు. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ. కొన్ని చోట్ల ఇనుము, కుళ్లు వాసన కూడా ఉంటాయి. దానికీ 24 గంటలు గాలి పట్టాలి. వరిచేల మందులు కలిసే అవకాశం ఉంటుంది కాబట్టి పంటకాల్వ నీరు అసలు వద్దు.

పీహెచ్ చూసుకోండి

నీటిలోని అమ్మోనియా అంతా ఒకేలా చంపదు. నీటి పీహెచ్‌ను బట్టి అందులో విషపు పాలు మారుతుంది. నీరు 28 డిగ్రీల వేడిలో ఉంటే, పీహెచ్ 7 దగ్గర విషపు పాలు నూటికి ఒకటి కూడా ఉండదు. 8 దగ్గర ఆరేడు పాళ్లు. 8.5 దగ్గర 18 పాళ్లు. 9 దగ్గర 40 పాళ్లు దాటుతుంది.

మన సోదరి షెడ్డు నీటిని ఆ రోజే రొయ్యల ల్యాబులో పరీక్ష చేయించాం. అమ్మోనియా లీటరుకు 5 మిల్లీగ్రాములు, పీహెచ్ 8.5 వచ్చింది. రోజుకు ఒకటి చొప్పున నాలుగు, చచ్చిన చేపలు, తినక మిగిలిన మేత కలిపి ఇంకొకటి అనుకోవచ్చు. 5లో 18 పాళ్లంటే దాదాపు 0.9 మిల్లీగ్రాములు. విషపు అమ్మోనియా 0.05 మిల్లీగ్రాములు దాటితేనే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. ఇక చేపలెలా తట్టుకుంటాయి?

రొయ్యల చెరువుల నీరు చూసే ల్యాబులు మన జిల్లాలో చాలా ఊళ్లలో ఉన్నాయి. వాటిలోనే తొట్టి నీటికి కూడా అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ పరీక్ష చేయించుకోవచ్చు. సంపు శుభ్రం చేసిన రెండో రోజున, నాలుగో రోజున ఒకసారి చూపించుకుంటే ముప్పు ముందే తెలుస్తుంది.

ఇప్పటికే కడిగేసిన వారు ఏం చెయ్యాలి?

కంగారు పడి మందులు పొయ్యకండి. రోగం మందులు చాలా వరకు ఆ మిగిలిన సూక్ష్మజీవులను కూడా చంపుతాయి. మందు వెయ్యాల్సి వస్తే చేపలను వేరే తొట్టిలోకి మార్చి అక్కడే వెయ్యాలి.

మొదట మేత ఆపాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు మూడు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది, విషపు నీటిని తట్టుకోలేదు. గాలి పెంచాలి. చచ్చిన చేపలను అప్పటికప్పుడు ఏరెయ్యాలి. మొత్తం నీటిలో మూడో వంతు, క్లోరిన్ లేని నీటితో నిదానంగా మార్చాలి. పరీక్షలో అమ్మోనియా తగ్గేదాకా రోజూ ఇలా మారుస్తుండాలి.

నైట్రైట్ పెరిగితే చేపల రక్తం గోధుమరంగుకు తిరిగి, నీటిలో గాలి ఉన్నా అవి పీల్చుకోలేవు. గప్పీ, మోలీ, గోల్డ్ ఫిష్ తొట్లలో లీటరుకు ఒక గ్రాము అయోడిన్ కలపని రాళ్ల ఉప్పు కరిగించి పోస్తే ఈ బాధ తగ్గుతుంది. ఉప్పు పడని రకాలూ ఉన్నాయి కాబట్టి మిగతా చేపల విషయంలో ముందు అడిగి తెలుసుకోవాలి.

అన్నిటికన్నా మేలైన మందు పాత స్పాంజి. రోగం లేని, బాగా నడుస్తున్న తొట్టి నుంచి జిగట పట్టిన స్పాంజి తెచ్చి రెండో అరలో పెడితే పాలకు తోడు పెట్టినట్టే. మన సోదరి మూలనున్న చిన్న తొట్టి స్పాంజిలో సగం కోసి సంపులో వేశారు. మేత నాలుగో వంతుకు తగ్గించి, నీటి పరీక్ష చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచారు. నెల రోజుల తర్వాత అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దగ్గరగా వచ్చాయి. మిగిలిన తొమ్మిది వందల చేపలు నిలిచాయి. అయితే ఆ నెల అమ్మకం లేదు, సంఘం వాయిదా మాత్రం కట్టక తప్పలేదు.

కరెంటు పోతే

నీరు ఆగిన సంపులో రెండో అరలోని జీవులకు గంటల తరబడి గాలి అందకపోతే చచ్చిపోతాయి. కరెంటు రాగానే ఆ కుళ్లు నీరు నేరుగా తొట్లలోకి ఎక్కుతుంది. బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి కొనుక్కుని, కరెంటు లేనప్పుడు ఒక గాలి రాయిని రెండో అరలో వెయ్యాలి. చాలా గంటలు ఆగిపోతే కరెంటు వచ్చాక వాసన చూసి, సంపు నీటిలో కొంత పారబోసి, కొత్త నీరు పోసి ఆ తర్వాతే మోటారు వెయ్యాలి.

పొడులతో పని జరగదు

ఫలానా ప్రోబయోటిక్ పొడి వేస్తే మడ్డి తియ్యనే అక్కర్లేదని అమ్మేవాళ్లు చెబుతుంటారు. సూక్ష్మజీవులు మడ్డిని కొంత తగ్గించగలవు కానీ మాయం చెయ్యలేవు. అవి దాన్ని కుళ్లబెడుతున్నంతసేపూ ప్రాణవాయువు ఖర్చవుతూనే ఉంటుంది. బయటికి తీసిన మడ్డే పోయిన మడ్డి. దాన్ని తగ్గించే అసలు ఉపాయం మేత దగ్గరే ఉంది. ఐదు నిమిషాల్లో తినేంత మాత్రమే, రోజుకు రెండు మూడుసార్లుగా వెయ్యాలి.

కొత్తగా సంపు కట్టుకునేవారు మొదటి అర అడుగును ఒక మూలకు వాలుగా చేసి, ఆ మూలన వాల్వుతో గొట్టం పెట్టించుకోవాలి. వాల్వు తిప్పితే మడ్డి తనే పోతుంది, చెయ్యి పెట్టే పనే ఉండదు.

తీసిన మడ్డి ఎక్కడ పొయ్యాలి?

మడ్డి మంచి ఎరువు. పూల మొక్కలకు, కొబ్బరి పాదుల్లో, కూరపాదులకు పొయ్యవచ్చు. ఉప్పు వేసిన తొట్ల నీరు మాత్రం మొక్కలకు వద్దు. బకెట్లో చేపపిల్లలు వచ్చాయేమో చూసుకోవాలి. మడ్డి నీటిని కాల్వలో, చెరువులో కలపకండి. ఆక్వేరియంల కోసం తెచ్చిన దెయ్యపు చేప ఇప్పుడు మన కాల్వల్లో, చెరువుల్లో పెరిగి వలలు చింపుతోంది. అలాంటిది ఇంకోటి మన చేతుల మీదుగా పోకూడదు.

వారం పట్టిక

• రోజూ: చేపల ఊపిరి, నీటి ధార, మూడో అర నీటిమట్టం చూడటం.
• రెండు మూడు రోజులకోసారి: మొదటి అర మడ్డిని గొట్టంతో లాగడం.
• వారానికోసారి: ఒక స్పాంజి తొట్టి నీటిలో పిండటం. వేరే రోజున అయిదో వంతు నీరు మార్చడం.
• నెలకోసారి: అవసరమైతేనే మూడో వంతు రింగులు ఆడించడం, మోటారు జాలీ తీసి కడగడం, నీటి పరీక్ష.
• ఎప్పుడూ చెయ్యకూడనిది: మూడు అరలూ ఒకే రోజున కడగడం.

ఈ పట్టిక కత్తిరించి షెడ్డులో అంటించుకోవచ్చు. మన సోదరి అలా ఒకటి రాసి మోటారు స్విచ్ పక్కన అంటించుకున్నారు. మొన్న వెళ్లినప్పుడు సంపు మూత తీసి చూపించారు. మొదటి అర అడుగు శుభ్రంగా ఉంది. రెండో అర రింగుల మీద గోధుమరంగు జిగట మళ్లీ మందంగా పట్టింది. "ఇప్పుడు బాగుందాండీ?" అని అడిగారు.

బాగుందమ్మా అన్నాను. గతంలో నేను రాసిన ఆ వాక్యాన్ని పాఠకులు ఇలా దిద్దుకోవాలని మనవి: సంపులో మడ్డిని ఎప్పటికప్పుడు తియ్యాలి, సంపును ఎప్పుడూ పూర్తిగా కడగకూడదు.